మధ్యమం లేని ఆదివారం

నా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం మూడు కొట్టేసరికి మా అమ్మమ్మకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఉతికిన చీర కట్టుకుని, పక్కింటివాళ్ల వసారాలో రేడియో బల్ల దగ్గరికి అందరికన్నా ముందు వెళ్లి కూర్చునేది. మూడున్నరకు సంగీత వినోద కార్యక్రమం. ఒక గంటసేపు. ఒక పాట, ఒక హాస్య సంభాషణ, ఒక జానపదం, మధ్యలో ఏదో ఒక వాద్యం, చివర అందరూ కలిసి బృందగానం. మా వీధి మొత్తానికి ఉన్న రేడియోలు నాలుగు, అందుకని ఆ గంటా వీధి వీధంతా నాలుగు అరుగుల మీదే ఉండేది. అందరూ పాటల కోసం వచ్చేవాళ్లు. మా అమ్మమ్మ మాత్రం పాటకీ పాటకీ మధ్య వచ్చే ఖాళీ కోసం వచ్చేది. ఆ ఖాళీలో తన కొడుకు వినిపిస్తాడేమోనని ఆశ.

ఆ కొడుకే మా మేనమామ. జలతరంగం వాయించేవాడు. పింగాణీ గిన్నెలు పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా తన చుట్టూ అర్ధచంద్రంగా పేర్చుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో కొలతన నీళ్లు పోసి, సన్నటి వెదురు పుల్లలతో అంచు మీద తట్టి వాయించే వాద్యం అది. నీళ్లు తగ్గితే స్వరం పైకి పోతుంది, ఎక్కువైతే కిందికి దిగుతుంది. ఆ రోజుల్లో రేడియోలో చాలా కార్యక్రమాలు అప్పటికప్పుడు పాడి వినిపించేవే. పాడేవాళ్లు ఆలస్యమైనా, సంభాషణ రెండు నిమిషాలు ముందే అయిపోయినా, రేడియో మూగబోకూడదు. అందుకని ఎవరో ఒకరు వాద్యం శ్రుతి చేసుకుని ఎప్పుడు పిలుస్తారా అని కూర్చోవాలి. మా మావయ్య పని అదే. పేరు చెప్పరు, ఏం వాయిస్తాడో చెప్పరు, అసలు పిలుస్తారో లేదో కూడా తెలియదు. ఫ్యాను గాలికి గిన్నెల్లో నీళ్లు ఆరిపోతుంటే చెంచాతో చుక్కలు చుక్కలుగా పోసుకుంటూ గంటల తరబడి కూర్చునేవాడు. వాయించేది రెండు నిమిషాలు. మూడో నిమిషం మొదలయ్యేలోపు అనౌన్సరు వచ్చి మాట అందుకునేది.

ఈ సంగతి ఇప్పుడెందుకు తవ్వుకుంటున్నానంటే, తిరిగి తిరిగి నేనూ అలాంటి పనిలోనే తేలాను. దుబాయ్‌లో బిల్డింగులకు కాపలా మనుషుల్ని పంపే కంపెనీలో నేను రిలీవర్‌ని. నాకంటూ ఒక బిల్డింగు లేదు. ఎవరైనా సెలవు మీద ఊరికి పోతే, వాళ్లు తిరిగొచ్చేదాకా వాళ్ల కుర్చీలో నేను. ఒక నెల డేరా అనే పేటలో, ఒక నెల ఇంటర్నేషనల్ సిటీలో, పడుకోవడం మాత్రం నైఫ్ అనే పాత పేటలో ఆరుగురం ఉండే గదిలో. చిన్నప్పటి నుంచీ కుదురు లేని మనిషికి కూర్చునే ఉద్యోగమేమిటని మా ఆవిడ ఫోన్‌లో ఇప్పటికీ నవ్వుతుంది. కుర్చీ మారుతూ ఉంటుంది కనుక సరిపోయింది కానీ, ఒకే గుమ్మంలో పదేళ్లు కూర్చోమంటే నేను ఎప్పుడో పారిపోయేవాణ్ణి.

దుబాయ్‌కు మెట్రో రైలు వచ్చిన మూడో ఏట, ఒక గురువారం పొద్దున ఇంటర్నేషనల్ సిటీలో ఉన్నాను. అక్కడ మా కంపెనీకి నాలుగు పాయింట్లు. ముందు రిసెప్షన్, కింద పార్కింగ్, మెట్లెక్కి దిగే రౌండ్లు, వెనక సామాను గేటు. రిసెప్షన్ మనిషి ఊరెళ్లాడని అతని కుర్చీలో నన్ను వేశారు. పార్కింగ్‌లో ఒక నేపాలీ, రౌండ్లకు ఒక మలయాళీ. వెనక గేటు దగ్గర మన జగిత్యాల వైపు మనిషి. ముప్పయ్యయిదేళ్లు ఉంటాయి. మాట తక్కువ. ఆ పొద్దున నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, ఫోన్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"ఇంటిదానికి నెలలు నిండినయ్ కాకా" అన్నాడు. "బీపీ బాగ పెరిగిందట. ఐతారం ఆపరేషన్ చేస్తమంటున్నరు. పెండ్లయి తొమ్మిదేండ్లకు నిలిచింది. నేను లేకుంటె అది బెదురుతది. పది దినాలు పోయొస్తనంటె ముదీర్ ఇంటలేడు."

ముదీర్ అంటే మా పైన ఉండే మేనేజరు. చెడ్డవాడు కాదు, కాగితం మనిషి. ఆయన దగ్గర ఒకటే జవాబు. రిలీవర్ ఒక్కడే, ఆ ఒక్కణ్ణీ ఇప్పటికే ఇంకొకరి కుర్చీలో వేశాం. "చార్ పాయింట్, చార్ ఆద్మీ. ఖలాస్" అన్నాడు, నాలుగు చోట్లకు నలుగురు, ఇంక మాట లేదని. అంటే జగిత్యాల మనిషి భార్య దగ్గరికి వెళ్లాలంటే నేను రెండు కుర్చీల్లో కూర్చోవాలి. ఆ రోజు నేను రిసెప్షన్లో ఎన్నిసార్లు లేచి గుమ్మం దాకా వెళ్లొచ్చానో లెక్కలేదు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావేం చాచా అని మలయాళీ కుర్రాడు హిందీలో అడగనే అడిగాడు. సాయంత్రం నైఫ్ బస్సులో నిలబడి వస్తుంటే, మావయ్య గిన్నెలు గుర్తొచ్చాయి. చెప్పాలంటే, నేను పగలగొట్టిన గిన్నె గుర్తొచ్చింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఎండాకాలం సెలవులు. పొద్దున్నే పక్కింటి అక్క ఆరబెట్టిన వడియాల మీదుగా పరిగెత్తి నానా తిట్లూ తిని ఉన్నాను. మధ్యాహ్నం మావయ్య రేడియో స్టేషన్‌కు బయలుదేరుతుంటే అమ్మమ్మ నన్ను ఆయన ముందుకు తోసింది. "వీణ్ణి కూడా తీసుకుపోరా నాయనా, ఇవాళైనా నన్ను ప్రశాంతంగా విననియ్యండి" అంది. మావయ్య నవ్వి, నా చెయ్యి పట్టుకున్నాడు.

అది మామూలు ఆదివారం కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు, నాతో సహా. మావయ్య అప్పటికి రెండేళ్లుగా పిలిచినప్పుడు వెళ్లే మనిషే. ఆ నెల ఆయన్ని నిలయ విద్వాంసుడిగా, అంటే స్టేషన్‌కు సొంత వాద్యగాడిగా తీసుకోవాలా వద్దా అన్నది తేల్చేస్తామన్నారు. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం విని చెబుతానని అధికారి అన్నాడట. వద్దంటే గిన్నెలు పెట్టెలోకి, మావయ్య రైసు మిల్లులోకి. తాతయ్య అప్పటికే అక్కడ గుమాస్తా పని మాట్లాడి పెట్టాడు. గిన్నెలు కొట్టుకునే మగవాడికి పిల్లనెవరిస్తారని ఆయన బాధ ఆయనది.

స్టేషన్‌లో గోడలకు మెత్తటి బట్ట వేసి ఉండేది. అక్కడ మాట్లాడితే మన గొంతు మనకే కొత్తగా వినిపించేది. తలుపు మీద ఎర్రదీపం. అది వెలిగితే తుమ్ము వచ్చినా మింగాలని గుమ్మంలోనే చెప్పారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు ముక్కులో దురద. మొదటి స్టూడియోలో మూడున్నరకు కార్యక్రమం మొదలైంది. మేం రెండో స్టూడియోలో ఉన్నాం. మావయ్య తెల్లటి దుప్పటి పరిచి, గడ్డి చుట్టిన పెట్టెలోంచి గిన్నెలు ఒక్కొక్కటే తీసి పేర్చాడు. నీళ్లు పోశాడు. తట్టాడు, విన్నాడు, చెంచాడు తీశాడు, మళ్లీ తట్టాడు. ఏడు స్వరాలూ కావలసిన హరికాంభోజి రాగానికి శ్రుతి చేశాడు. ఆయన పక్కన మృదంగం వాయించే పెద్దాయన ఒకరు, వక్కపొడి నములుతూ.

నేను ఒక మూల ముక్కాలిపీట మీద కూర్చుని కాళ్లు ఊపుతున్నాను. ఊపితే పీట కిర్రుమంటోంది. ఆపితే కాళ్లలో చీమలు. గోడ మీద గడియారంలో ముల్లు అసలు కదలడంలేదనిపించింది.

అంతలో అధికారి తలుపు తోసుకుని వచ్చి మావయ్యనూ మృదంగం పెద్దాయన్నీ బయటికి పిలిచాడు. పాడవలసిన గాయని ఎక్కిన రైలు ఎక్కడో ఆగిపోయిందట. మూడూ యాభైకి ఆవిడ పాటలు, పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలూ నువ్వే చూసుకోవాలని వరండాలో మావయ్యతో అనడం తలుపు సందులోంచి నాకు వినబడింది. రెండేళ్లుగా రెండేసి నిమిషాలు వాయించిన మనిషికి ఒక్కసారిగా పదిహేను నిమిషాలు. నాకే గుండె దడదడలాడింది. ఆ దడకు కూర్చోలేక లేచాను. లేచినవాణ్ణి గిన్నెల దగ్గరికి వెళ్లాను. వెళ్లినవాణ్ణి పుల్ల తీసుకున్నాను.

ఒక్కసారి తట్టి చూద్దామనుకున్నాను, అంతే. మొదటిది మోగింది. రెండోది మోగింది. ఎంత బాగుందో, నేనే వాయిస్తున్నానన్న సంబరంలో నాలుగోదాన్ని గట్టిగా కొట్టాను. అది మోగలేదు. టక్ అంది. గిన్నెలో పైనుంచి కిందికి వెంట్రుకంత గీత పడింది. ఆ గీతలోంచి నీళ్లు సన్నగా దుప్పటి మీదికి ఊరుతున్నాయి.

నేను చేసిన తప్పు అక్కడితో ఆగితే ఇన్నేళ్లు గుర్తుండేది కాదేమో. గిన్నెను తిప్పి, గీత అవతలివైపు ఉండేలా పెట్టాను. తడిని చొక్కా అంచుతో అద్దాను. కారిన నీళ్ల లెక్కకు చెంబులోంచి ఇంకొన్ని పోశాను. వెళ్లి పీట మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ వయసుకే అన్ని తెలివితేటలు ఎక్కడ నేర్చానో నాకు తెలియదు.

మావయ్య వచ్చి కూర్చున్నాడు. మృదంగం పెద్దాయన కూర్చున్నాడు. మావయ్య అలవాటు కొద్దీ గిన్నెలన్నిటి మీదుగా పుల్లను మెత్తగా జరుపుకుంటూ పోయాడు. నాలుగో గిన్నె దగ్గర చెయ్యి ఆగింది. మళ్లీ తట్టాడు. వంగి చూశాడు. ఆ తర్వాత తలెత్తి నావైపు చూశాడు. నా చొక్కా అంచు తడిగా ఉంది. నేను చూపు దించుకోలేదు, దించుకుంటే ఒప్పుకున్నట్టే అవుతుందని. ఆ చూపు ఎంతసేపుందో చెప్పలేను. గడియారంలో ముల్లు ఇప్పుడు పరుగు పెడుతోంది.

ఆయన పగిలిన గిన్నెను తీసి పక్కన పెట్టలేదు. దాని చోట దాన్నే ఉంచాడు. మృదంగం పెద్దాయనవైపు వంగి, "హరికాంభోజి వద్దండీ, మోహనం వాయిద్దాం" అన్నాడు. ఆయన నమిలేది ఆపి గిన్నెలవైపు చూసి, సరేనని తలూపాడు. ఎర్రదీపం వెలిగింది.

పగిలింది మధ్యమం. మ. ఇంట్లో రోజూ వింటూ పెరిగినవాణ్ణి కనుక నాకు అంతమట్టుకు తెలుసు. మోహన రాగంలో మ లేదు. ని కూడా లేదు. స రి గ ప ద, ఆ అయిదింటితోనే నడుస్తుంది. మావయ్య పుల్లలు గ మీంచి ప మీదికి, ద మీంచి పై స మీదికి దాటుతున్నాయి. మధ్యలో మెట్టు విరిగిన ఇంట్లో ఉండేవాళ్లు ఆ మెట్టును చూడకుండానే దాటిపోతారే, అలా దాటుతున్నాయి. ని గిన్నె బాగానే ఉంది పాపం. అయినా పగిలినదానితో పాటు అదీ ఊరుకుంది. పగిలిన గిన్నెలోంచి నీళ్లు మెల్లగా తగ్గుతున్నాయి, దుప్పటి మీద మరక పెరుగుతోంది, మావయ్య చెంపల మీద చెమట కారుతోంది, రాగం మాత్రం నిండుగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక నేను కదలకుండా కూర్చున్నది ఆ పదిహేను నిమిషాలే.

దీపం ఆరింది. అధికారి వచ్చి మావయ్య భుజం తట్టాడు. గిన్నెలు చూసి, "అయిదింటితోనే ఇంత బాగుంటే ఇన్నెందుకయ్యా, మోత బరువు కాకపోతే" అని నవ్వాడు. మావయ్య కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వు మూతి దాటి పైకి రాలేదు.

ఇంటికి వచ్చేదాకా దారంతా నేను దెబ్బల కోసం ఎదురుచూస్తూనే ఉన్నాను. పడలేదు. ఇంట్లో అమ్మమ్మ కళ్లు తుడుచుకుంటూ ఎదురొచ్చి, కొడుకు చేతులు రెండూ తన కళ్లకు అద్దుకుంది. పదిహేను నిమిషాలు విన్నానురా అంది. ఆ తర్వాత నెమ్మదిగా, "ఎందుకురా అలా దాటేసుకుంటూ పోయావు, పొద్దున సాధన చేసింది ఇది కాదు కదా" అంది. గోడ అవతలి నుంచి ఇరవయ్యేళ్లు విన్న చెవులు అవి. మావయ్య నా వైపు చూడకుండా, ఇవాళ అలా కుదిరిందమ్మా అన్నాడు. గిన్నె ఎలా పగిలిందని ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు. నేనూ ఎప్పుడూ చెప్పలేదు. ఇదుగో, ఇప్పుడు చెబుతున్నాను.

నైఫ్ బస్సు దిగేసరికి నా బుర్రలో లెక్క కుదిరింది. మర్నాడు పొద్దున్నే ముదీర్‌కు ఫోన్ చేశాను. నాలుగు పాయింట్లలో ఏది లేకుండా పది రోజులు నడుస్తుందని ఆలోచించాను సాబ్, వెనక గేటు అన్నాను. ఇల్లు మారేవాళ్ల బండ్లను ఈ పది రోజులూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకానే రమ్మందాం, చెత్త బండి కూడా అప్పుడే. ఆ రెండు గంటలూ నా భోజనం, నా విశ్రాంతి వదులుకుని నేను గేటు దగ్గర ఉంటాను, రిసెప్షన్లో నేపాలీ తమ్ముడు కూర్చుంటాడు, పార్కింగ్‌ను మలయాళీ కుర్రాడు రౌండ్ల మధ్య చూసుకుంటాడు, మిగతా వేళల్లో గేటుకు తాళం, తాళంచెవి నా జేబులో. వారానికో రోజు నాకిచ్చే సెలవును కూడా పనిరోజుగా రాసేసుకోండి అన్నాను. ఆయన ఆ వేళలన్నీ ఇంకోసారి చెప్పించుకున్నాడు. "దస్ దిన్. ఏక్ భీ కంప్లైంట్ ఆయా తో జవాబ్ తుమ్ దేనా" అన్నాడు చివరికి. పది రోజులు, ఒక్క ఫిర్యాదు వచ్చినా నాదే పూచీ అని.

ఆ సాయంత్రమే జగిత్యాల మనిషి విమానం ఎక్కాడు. వెళ్లేముందు నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయాడు. యల్లా, ముందు నువ్వు పదవయ్యా అని తోలేశాను.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. గేటు దగ్గర ఒక సోఫా దింపిస్తూ విన్నాను ఆ మాట. నా పని ఎలా ఉందని అడిగితే, అందరూ మెచ్చుకునేలా ఉంది. బండ్లు చెప్పిన వేళకు వస్తున్నాయి, చెత్త పోతోంది, అద్దెకున్నవాళ్లెవరూ వెనక గేటు సంగతే ఎత్తడంలేదు. నా కాళ్ల కండరాలు మాత్రం పట్టేశాయి. నేపాలీ తమ్ముడు నాకు తెలియకుండా మలయాళీ చేత నూనె తెప్పించి బల్ల సొరుగులో పెట్టాడు.

ఎనిమిదో రోజు ముదీర్ స్వయంగా వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు. సంతోషంగా ఉన్నాడు. ముగ్గురితోనే నడుస్తోంది కదా, నాలుగో మనిషి ఎందుకు, ఆఫీసుకు రాసేస్తాను అన్నాడు. ఊళ్లో ఉన్నవాణ్ణి ఇక రావద్దని చెప్పేయవచ్చట. ఎంతో మంచి మాట చెప్పినట్టు నా భుజం తట్టాడు కూడా.

పుట్టి వారం కాని బిడ్డ తండ్రి ఉద్యోగాన్ని నా చేతులారా నేనే ఊడగొట్టాను. చక్కగా చేసి మరీ ఊడగొట్టాను. ఆయన వెళ్లాక లిఫ్ట్ దాకా నడిచాను, వెనక్కి వచ్చాను, మళ్లీ నడిచాను. అప్పుడు వినబడింది, యాభై ఏళ్ల కిందటి ఆ మాట. అయిదింటితోనే ఇంత బాగుంటే ఇన్నెందుకయ్యా. మావయ్య నవ్వు మూతి దాటి పైకి ఎందుకు రాలేదో, రెండో ఆదివారం ఎందుకు అలా చేశాడో ఆ లిఫ్ట్ ముందు నిలబడ్డాక నాకు పూర్తిగా తెలిసింది.

మొదటి ఆదివారం మర్నాటి నుంచి మావయ్య నన్ను వెంటబెట్టుకుని ఊరంతా తిరిగాడు. పింగాణీ సామాన్ల కొట్లన్నీ అయ్యాయి. ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి గిన్నెలు తట్టి వినడం, కొట్టువాడు కొనే బేరమా కాదా అని విసుక్కోవడం, మేం ఇంకో కొట్టుకు పోవడం. సరైన నాదం ఉన్న గిన్నె దొరకలేదు. మోహనం బాగానే ఉంది కదా మావయ్యా, అందరికీ నచ్చింది కదా, వచ్చే వారం కూడా అదే వాయించు అన్నాను నేను. నాకు కాళ్లు నొప్పిగా ఉన్నాయి, లోపల తప్పు నొప్పి వేరే. ఆయన నడక ఆపి, నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"చూడు అల్లుడూ" అన్నాడు. "మొన్న అది లేదని ఎవరికీ తెలియకుండా గడుపుకొచ్చాం. ఒక్క రోజుకి అది మర్యాద. అదే అలవాటైతే, దాని చోటు పోతుంది. రేపు అది వచ్చినా, నువ్వెవరు అంటారు."

నాకు సగమే అర్థమైంది. శనివారం సాయంత్రం బస్టాండు పక్కన కాఫీ హోటల్లో, బల్ల మీద పింగాణీ పెరుగు గిన్నెను తట్టిన మావయ్య ముఖం విప్పారింది. హోటలు యజమాని అనుమానంగా చూస్తూనే ఇచ్చాడు, బదులుగా మా ఇంటి స్టీలు గిన్నె తీసుకుని. మర్నాడు ఆ పెరుగు గిన్నె నాలుగో చోట కూర్చుంది. ఈసారి స్టేషన్‌వాళ్లు అడిగింది అయిదు నిమిషాలే. మావయ్య మధ్యమావతి వాయించాడు. కచేరీ చివర మంగళానికి పాడే రాగం, మధ్యమం లేకపోతే ఆ రాగమే లేదు. పుల్ల తిరిగి తిరిగి వచ్చి ఆ గిన్నె మీదే నిలబడేది. అంతకుముందు వారం నవ్విన అధికారి గాజు పలక అవతల నిలబడి చివరిదాకా విన్నాడు. ఆ నెలాఖరుకు కాగితం ఇంటికి వచ్చింది. తాతయ్య దాన్ని రెండుసార్లు చదివి, మిల్లువాళ్లకు ఏం చెప్పాలో అని గొణుక్కుంటూ వెళ్లాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండింటికి నేను లేవలేదు. రిసెప్షన్ కుర్చీలో, నా పాయింట్లో, నిబంధన ప్రకారం కూర్చున్నాను. లేవకుండా కూర్చోవడం నాకెంత కష్టమో చెప్పినా ఎవరూ నమ్మరు. రెండుంబావుకి ఇల్లు మారేవాళ్ల బండి వెనక తాళం చూసి ముందుకు వచ్చింది. మంచం ముందు తలుపులో అడ్డం పడింది. చెత్త బండి ఎక్కడికి పోవాలో తెలియక హారన్ కొట్టింది. దాని వెనక మా బిల్డింగు యజమాని ఆఫీసు మనిషి కారు ఇరుక్కుంది. చంటిపిల్ల బండి తోసుకుంటూ వచ్చిన ఒక తల్లి లోపలికి దారిలేక ఎండలో నిలబడింది. ఆవిణ్ణి చూసి మాత్రం నా మనసు ఒప్పలేదు. వెళ్లి ఆ బండిని మంచం మీదుగా ఎత్తి లోపల పెట్టి, క్షమించమ్మా అన్నాను. ఆవిడకు నా భాష రాదు.

ముదీర్ ఫోన్ రానే వచ్చింది. వెనక గేటులో ఎవరూ లేరా అని అరిచాడు.

"ఆ గేటు మనిషి ఛుట్టీలో ఉన్నాడు సాబ్" అన్నాను హిందీలో, ఎంత మెత్తగా అనగలనో అంత మెత్తగా. "రెండు రోజుల్లో వస్తాడు."

వస్తే నేరుగా గేటుకే వెళ్లమను అన్నాడు. ఆఫీసుకు రాస్తానన్న సంగతి మళ్లీ ఎత్తలేదు. ఫిర్యాదు వచ్చింది కనుక మాట ప్రకారం నాకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చాడు, నేను సంతకం పెట్టాను. అంత ఇష్టంగా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఆ వెంటనే తాళంచెవి తీసుకుని వెనక్కి పరిగెత్తాను, మంచం బయటికి పోయే దారి చూడాలి కదా.

అన్నట్టు, ఒక మాట చెప్పడం మరిచాను. ఆ పది రోజుల్లో, లేవకుండా కూర్చున్న ఆ ఒక్క రోజు తప్ప, నేను వెనక గేటు దగ్గర రెండేసి గంటలు ఉన్నాను కానీ, అక్కడి కుర్చీలో కూర్చోలేదు. నిలబడ్డాను, లేకపోతే అరుగు మీద కూర్చున్నాను. అతని తువ్వాలు కుర్చీ వీపు మీద అలాగే ఉంది. నీళ్ల సీసా కాలి దగ్గర అలాగే ఉంది. చెత్త బండివాడు ఒకరోజు ఆ కుర్చీ లాక్కోబోతే, మనిషున్నాడు దాంట్లో అన్నాను. వాడు నన్ను పిచ్చివాడిలా చూసి వెళ్లాడు.

జగిత్యాల మనిషి చెప్పిన రోజుకే వచ్చాడు. సకినాల పొట్లం నా బల్ల మీద పెట్టి, ఫోన్‌లో బిడ్డ ఫోటో చూపించాడు. పిడికిళ్లు బిగించి నిద్రపోతోంది. వెనక గేటుకు వెళ్లి, రెండు నిమిషాల్లో తిరిగి వచ్చాడు. "కుర్చి గట్లనే ఉన్నదేంది కాకా" అన్నాడు. "పది దినాలు అయిపోయినంక ఇంకెవలో కూసున్నరనుకున్న. నాకు దారి పొడుగూత గదే రంది." ముగ్గురితో సరిపోతుందన్న మాట ఆ గుమ్మంలో వచ్చిపోయిందని నేను అతనికి చెప్పలేదు. మా మావయ్య నన్ను అడగని ప్రశ్న ఒకటి ఉంది కదా, దానికి ఇది చెల్లు అనుకున్నాను.

ఆ నెలాఖరుకు రిసెప్షన్ మనిషి కూడా ఊరి నుంచి వచ్చాడు. నన్ను డేరాలో ఇంకో బిల్డింగుకు వేశారు. అక్కడి నుంచి మరోచోటికి. ఎక్కడికి వెళ్లినా మొదట చూసుకునేది ఒకటే, ఇక్కడ లేనివాడు ఎవరు, వాడు వచ్చేసరికి వాడి చోటు ఎలా ఉండాలి అని. వాడు అతికించుకున్న దేవుడి బొమ్మను కదిలించను. సొరుగులో వాడి దువ్వెన పక్కకు జరపను. కుర్చీ కింద ఎత్తు మార్చే మీట ఉంటుంది, దాన్ని ముట్టుకోను. పొడుగుపాటి మనుషుల కుర్చీల్లో నా కాళ్లు నేలకు అందవు. అందకపోతే వేలాడేసుకుని కూర్చుంటాను. వేలాడితే ఊపుతాను. ఆ ఊపడం ఒక్కటి మాత్రం మా మావయ్య కూడా మాన్పించలేకపోయాడు.